ఆకృతి, జాతి, వివేకం

మనుష్యుడు ప్రపంచాన్ని పేర్లతో తెలుసుకుంటాడు. ఒక గోవును చూచి గోవంటాడు. మరొక గోవు ఎదురైనప్పుడు దానికి క్రొత్త పేరు వెదకడు. రెండింటిలోనూ ఏదో సమానమైనది ఉన్నదని అతని బుద్ధి చెప్పుతుంది. ఆ సమానమైనది ఏది అన్నది భారతీయ దార్శనికులు శతాబ్దాల తరబడి చర్చించిన ప్రశ్న. గౌతముని న్యాయసూత్రాలలో పదానికి అర్థం వ్యక్తియా, ఆకృతియా, జాతియా అనే విచారణ ఉన్నది. ఎదుట నిలిచిన ఆ ఒక్క గోవు వ్యక్తి. గంగడోలు, కొమ్ములు, గిట్టలు మొదలైన అవయవాల అమరిక ఆకృతి. అనేకమైన గోవులయందు ఒకే బుద్ధిని పుట్టించే సామాన్యధర్మం జాతి. న్యాయశాస్త్రం ఈ మూడింటిలో దేనినీ త్రోసిపుచ్చక, మూడూ పదానికి అర్థములే అని నిర్ణయించినది. వాటిలో ఆకృతికి ఒక ప్రత్యేకమైన పని కలదు. అది జాతిని తెలిపే గుర్తు.

ఈ నిర్ణయం వెనుక ఒక నమ్మకం ఉన్నది. గుర్తు సరిగా చూపుతుందన్నదే ఆ నమ్మకం. గంగడోలు కనిపించినచోట గోవు తప్పక ఉంటుంది. కాని ఆకృతి ఒకటే అయి ఉండి జాతులు వేరైనచోట ఏమి చేయవలెను? గుర్తే మోసగించినప్పుడు బుద్ధి దేనిని ఆశ్రయించవలెను? పండితసభలో ఈ ప్రశ్న వినోదంగా ఉండవచ్చును. జ్వరంతో వణికే పల్లెలో ఇది ప్రాణసమస్య. కంటికి ఒకటిగా కనిపించే దోమలు నిజానికి అనేక జాతులని, వాటిలో కొన్ని మలేరియాను మోస్తాయని, కొన్ని దాదాపు మోయవని ఇరవయ్యవ శతాబ్దంలో తెలియవచ్చినది. ఆ భేదాన్ని పట్టి చూపే సాధనాలలో నేడు ముఖ్యమైనది డి.ఎన్.ఏ. పరీక్ష. అది బయటపెట్టిన సంగతులను విచారించినకొద్దీ, రెండింటిని ఒకటిగా చూడడం ఎప్పుడు తప్పు, ఒకదానిని రెండుగా చూడడం ఎప్పుడు తప్పు అనే నైతికప్రశ్న ముందుకు వస్తుంది.

మలేరియాకు, దోమకు గల సంబంధం వెల్లడి అయినదే భేదజ్ఞానం వలన. రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దాదాపు రెండేళ్ళపాటు, సులభంగా దొరికే సామాన్యపు దోమలను కోసి పరీక్షించినాడు, ఫలితం లేకపోయినది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో, రోగి రక్తం త్రాగిన మరొక రకం దోమ కడుపుగోడలో ఆయనకు మలేరియా పరాన్నజీవి జాడ కనబడినది. రాస్ కీటకశాస్త్రజ్ఞుడు కాడు. ఆ దోమల శాస్త్రీయనామాలు తెలియక, బూడిదరంగు దోమలని, చారల దోమలని, మచ్చరెక్కల దోమలని తన సౌకర్యంకొద్దీ పేర్లు పెట్టుకొన్నాడు. పేరు తెలియకపోయినా తేడాను గమనించినందువలననే ఆయనకు సత్యం దొరికినది. దోమలన్నీ దోమలే అనుకొని ఉంటే, రెండేళ్ళ వైఫల్యం చూచి దోమకు, జ్వరానికి సంబంధం లేదని తీర్మానించి ఉండేవాడు. 1898లో ఇటలీలో గ్రాసీయు, ఆయన సహచరులును మనుష్యులకు మలేరియాను అంటించేవి అనాఫిలిస్ దోమలు మాత్రమే అని నిరూపించినారు.

అంతటితో ప్రశ్న తీరలేదు. ఐరోపాలో కొన్ని ప్రాంతాలలో అనాఫిలిస్ దోమలు విస్తారంగా ఉన్నవి, మలేరియా లేదు. మరికొన్ని ప్రాంతాలలో అదే దోమ, అదే రూపం. అక్కడ మాత్రం జ్వరం ఇంటింటా ఉన్నది. దీనికి విద్వాంసులు పలుకారణాలు చెప్పినారు. పశువులు ఎక్కువైనందున దోమ మనిషిని వదలినదన్నారు, ఇళ్ళు బాగుపడినవన్నారు, క్వినైన్ వాడకం పెరిగినదన్నారు. వీటిలో కొంత సత్యం లేకపోలేదు. అయితే అసలు సూత్రం వేరొకచోట దొరికినది. ఇటలీలో ఉద్యోగవిరమణ చేసిన ప్రజారోగ్య పరీక్షకుడు ఫాలెరోనీ, ఆడదోమలను విడివిడిగా ఉంచి అవి పెట్టిన గ్రుడ్లను ఓపికతో పరిశీలించినాడు. తల్లిదోమలలో కానరాని భేదం గ్రుడ్లలో కనిపించినది. ఒక్కొక్క తల్లి గ్రుడ్లన్నిటిపైన ఒకే విధమైన మచ్చల అల్లిక. తల్లి మారితే అల్లిక మారవచ్చును. 1926లో ఆయన దీనిని ప్రకటించినాడు. మాకులిపెన్నిస్ అనే ఒకే పేరు క్రింద అనేక జాతులు దాగి ఉన్నవని, వాటిలో కొన్ని పశువుల రక్తానికే అలవాటుపడినవని తరువాతి పరిశోధకులు స్థిరపరచినారు. అన్నేళ్ళ వాదోపవాదాలకు మూలం ప్రకృతిలోని వైచిత్ర్యం కాదు. వేర్వేరైన వాటికి మనుష్యుడు ఒకే పేరు పెట్టినాడు.

కాకి నలుపు, కోకిల నలుపు; వసంతం వచ్చినప్పుడు కాని ఏది ఏదో తెలియదని సంస్కృత సుభాషితకారుడు చెప్పినాడు. ఆ మాటలో ఒక ఆశ్వాసం ఉన్నది. కాలం వచ్చినప్పుడు భేదం తానే పలుకుతుంది, అంతవరకు వేచి ఉంటే చాలును. ఇటలీ దోమకు గ్రుడ్డు వసంతం వంటిది. కాని ఎల్ల ప్రాణులకూ అట్టి వసంతం రాదు. గ్రుడ్డులోను, పిల్లలోను, పెరిగిన దోమలోను స్పష్టమైన భేదమేదీ చూపని జాతులు కూడా కలవు. భారతదేశపు పల్లెలలో మలేరియాను వ్యాపింపజేసే ప్రధానమైన దోమ అట్టిదే.

దాని పేరు అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్. 1901లో దానికి ఈ పేరు పెట్టినారు. కాలువలలో, చెరువులలో, వరిమళ్ళలో దాని పిల్లలు పెరుగుతవి. పగలు అది పశువుల కొట్టాలలోను, ఇళ్ళ గోడలమీదను విశ్రమిస్తుంది. దేశంలోని గ్రామీణ మలేరియాలో సగానికి మించినది దీనివలననే కలుగుతున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. స్వాతంత్ర్యం వచ్చిన తరుణంలో ఈ దేశంలో ఏటా సుమారు 7.5 కోట్లమందికి మలేరియా సోకి, 8 లక్షలమంది చనిపోయేవారని లెక్క. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలైనవి. ఇంటి గోడలపైన, కొట్టాల గోడలపైన డి.డి.టి. చల్లినారు. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగినది. మనుష్యుడు గెలిచినాడని అనుకొన్నారు. కాని 1976లో ఆ సంఖ్య తిరిగి 64 లక్షలు దాటినది. దీనికి కారణాలు పెక్కు: మందుకు దోమలు అలవాటుపడడం, సరఫరాలో లోపాలు, పర్యవేక్షణలో అలసత. వీటన్నిటికి తోడు మరొక సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. దేశమంతటా శత్రువు అని వారు పిలిచిన ఆ దోమ ఒక్క దోమ కాదు.

1980లో ఆ రహస్యం బయటపడినది. ఆడదోమ అండాశయంలోని కొన్ని కణాలలో క్రోమోసోములు పెద్దవిగా, పట్టీలు పట్టీలుగా కనిపిస్తవి. కొన్ని దోమలలో ఆ పట్టీల వరుస ఒక విధంగా ఉన్నది. మరికొన్నింటిలో అందులో ఒక భాగం తలక్రిందులుగా ఉన్నది. ఒక జాతిలోనే ఇట్టి వ్యత్యాసాలు ఉండవచ్చును గనుక ఇంతమాత్రంచేత రెండు జాతులని చెప్పరాదు. పరిశోధకులు మరొక ప్రశ్న వేసినారు. ఈ రెండు రకాలు ఒకే ఊరిలో, ఒకే కొట్టంలో కలిసి ఉన్నప్పుడు, ఒక వరుస తల్లినుండి, మరొక వరుస తండ్రినుండి పొందిన సంతానం ఎక్కడైనా ఉన్నదా? వెదకినారు, అది కనబడలేదు. ఒకే కప్పు క్రింద ఉండి, ఒకే పశువును కుట్టి, ఒకే గోడపై వ్రాలి కూడా అవి పరస్పరం జతకట్టడం లేదు. అందుచేత అవి రెండు జాతులు. వాటిని ఏ, బి అన్నారు. క్రమంగా సి, డి అనేవి చేరినవి. 1999లో ఐదవది ఇ అనేది చేరినది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసినది ఒకటి ఉన్నది. పట్టీల తేడా భేదానికి సూచన మాత్రమే. దానిని రుజువు చేసినది ఆ ప్రాణుల జీవితం. ఎవరితో కలుస్తవి, ఎవరితో కలవవు అనే నిర్ణయం అవే చేసుకొన్నవి. శాస్త్రజ్ఞుడు సరిహద్దు గీయలేదు. అప్పటికే ఉన్న సరిహద్దును చదివినాడు. జాతి అనే మాటకు ఇంతకన్న నిజాయితీ గల నిర్వచనం దొరకడం కష్టం.

ఈ భేదం ఉపయోగం లేనిదేమీ కాదు. బి అనే జాతి దాదాపుగా పశువుల రక్తంమీదనే బ్రతుకుతుంది. భారతదేశంలో మలేరియాను మోయడంలో దానికి గల పాత్ర బహుస్వల్పం. ఏ, సి, డి అనేవి రోగవాహకాలు. ఇ అన్నిటికన్న సమర్థమైన వాహకం; మనిషిని కుట్టే అలవాటు దానికి ఎక్కువ. కనుక ఒక ఊరిలో వేలకొద్దీ క్యూలిసిఫేసీస్ దోమలు ఉన్నవన్న లెక్క వలన ఆ ఊరికి ఎంత ప్రమాదమో తెలియదు. అవి ఏ జాతివో తెలియవలెను. బి మాత్రమే ఉన్న ఊరిలో చల్లిన మందు చాలవరకు వృథా. విషం మట్టిలోనికి, నీటిలోనికి పోవడం, ధనం ఖర్చు కావడం మాత్రమే ఫలం. ఆ ధనం, ఆ మందు అందక మరొక ఊరిలో పిల్లలు జ్వరపడవచ్చును. అజ్ఞానం ఇక్కడ అమాయకమైనది కాదు. దాని వెల ఎవరో చెల్లిస్తారు.

అయితే క్రోమోసోముల పరీక్ష అందరికీ, అన్ని వేళలా సాధ్యం కాదు. దానికి ఆడదోమ కావలెను. అదికూడా గ్రుడ్లు సగం ఎదిగిన స్థితిలో ఉండవలెను. చూచేవారికి సంవత్సరాల అభ్యాసం ఉండవలెను. మగదోమ పనికిరాదు, నీటిలోని పిల్ల పనికిరాదు, ఎండిన దోమ పనికిరాదు. ఈ కొరతను డి.ఎన్.ఏ. పరీక్ష తీర్చినది. ప్రతి కణంలోను ఉండే ఈ పదార్థం నాలుగే రసాయనాక్షరాలతో వ్రాసిన దీర్ఘలేఖ. అందులో కొన్ని భాగాలు జాతి లోపల దాదాపు మారక, జాతికి జాతికి మధ్య మారుతవి. 1983లో కేరీ మల్లిస్ ఊహించిన పాలిమరేజ్ చైన్ రియాక్షన్ అనే పద్ధతితో, కోరిన చిన్న భాగాన్ని కొద్ది గంటలలో కోట్ల ప్రతులుగా పెంచవచ్చును. ఆ తరువాత దాని పొడవు చూచి గాని, అక్షరాలను వరుసగా చదివి గాని జాతిని తేల్చవచ్చును. దీనికి దోమ కాలు ఒకటి చాలును. అది మగదైనా, పిల్ల అయినా, ఎండినదైనా అభ్యంతరం లేదు. కంటికి మూగగా ఉన్న ప్రాణి ఈ పరీక్షకు మాటాడుతుంది.

కాని ఎంత మాటాడుతుంది? క్యూలిసిఫేసీస్ విషయంలో మొదటి జవాబు అసంపూర్ణంగానే వచ్చినది. పరిశోధకులు ఎంచుకొన్న ఒక డి.ఎన్.ఏ. భాగం ఐదు జాతులను ఐదుగా విడదీయలేదు. రెండు గుంపులుగా చేసినది. ఏ, డి ఒక వైపు. బి, సి, ఇ మరొక వైపు. వేరొక భాగాన్ని కూడా చేర్చి పరీక్షించిన పిమ్మట కాని ప్రతి గుంపులోని సభ్యులు విడివడలేదు. ఇందులో విశేషం ఏమంటే, దాదాపు నిరపాయమైన బియు, అత్యంత ప్రమాదకరమైన ఇయు ఒకే గుంపులో పడినవి. అక్షరాలలో దగ్గరివి నడతలో దూరమైనవి. అక్షరాల సామీప్యం చూచి నడతను ఊహించినవాడు, పూర్వం రెక్కల మచ్చలు చూచి ఊహించినవానివలెనే పొరబడి ఉండేవాడు.

ఈ పొరపాటు ఎంతటిదో సింహళద్వీపపు చరిత్ర తెలుపుతుంది. అక్కడ కూడా మలేరియాను మోసేది క్యూలిసిఫేసీస్ దోమయే. 1934-35లో వచ్చిన మహమ్మారిలో ఆ ద్వీపంలో సుమారు 80 వేలమంది మరణించినారు. 1963లో రోగుల సంఖ్య 17కు దిగి, ఆ దశాబ్ది చివర తిరిగి లక్షలకు పెరిగినది. తరువాత జాతులను పరీక్షించినప్పుడు అక్కడ ఉన్నది బి మాత్రమే అని తోచినది. భారతదేశంలో దాదాపు నిరపాయమైన బి, పాక్‌జలసంధి దాటగానే ఘాతుకమైనది ఎట్లా అయినది? ఈ చిక్కు చాలాకాలం విడలేదు. రామేశ్వరద్వీపంలో ఇ అనే జాతి గుర్తింపబడిన పిమ్మట, సింహళంలో కూడా అది ఉన్నదని తేలినది. బి, ఇ జాతుల పెద్ద క్రోమోసోములలోని పట్టీలు అభిన్నం. మగ సంతానంలో వై క్రోమోసోమును చూచినప్పుడు కాని తేడా తెలియదు. బి చేయని నేరాన్ని బి తలపై మోపినారు. ఇ చేసిన కీడు ఇకి లెక్క కాలేదు. ప్రజలలో పరాన్నజీవిని వెదకి చికిత్స చేయడంతోపాటు దోమల నియంత్రణను కూడా పట్టుదలతో సాగించి ఆ దేశం 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థచేత గుర్తింపు పొందినది. గెలుపు ఏ ఒక్క పరీక్షదీ కాదు. కాని ఎవరితో పోరాడుతున్నామో తెలియడం ఏ పోరాటానికైనా మొదటి మెట్టు.

దోమలలో ఫలించిన పద్ధతిని సర్వప్రాణులకు వర్తింపజేయవలెనన్న ఆశ పుట్టడం సహజం. 2003లో కెనడాలో పాల్ హెబర్ట్, ఆయన సహచరులు అట్టి సూచన చేసినారు. కణంలోని మైటోకాండ్రియాలో గల ఒక జన్యువులో సుమారు 648 అక్షరాల భాగాన్ని చదివితే, అంగడిలో సరుకుపై ఉండే గీతల గుర్తు వలె, అది ప్రతి జంతుజాతిని తెలుపుతుందని వారి భావం. మరుసటి సంవత్సరమే కోస్టారికాలో, 1775 నుండి ఒకే జాతిగా పేరుపొందిన ఒక సీతాకోకచిలుక పది జాతులని ప్రకటించినారు. పెరిగిన చిలుకలు ఒకదానిని ఒకటి పోలి ఉన్నా, గొంగళిపురుగుల రంగులు, అవి తినే మొక్కలు వేరువేరుగా ఉండడం దీనికి ఊతమిచ్చినది. కాని 2006లో మరొక విద్వాంసుడు అదే డి.ఎన్.ఏ. సమాచారాన్ని పరిశీలించి, అది బలపరచేది కనీసం మూడు, ఏడుకు మించని విభాగాలను మాత్రమే అని వాదించినాడు. సమాచారం ఒకటే. ఒకరికి పది కనిపించినవి, మరొకరికి అన్ని కనిపించలేదు.

దీనినిబట్టి పరీక్ష అబద్ధమని తలచరాదు. పరీక్ష చెప్పేది దూరం. ఇన్ని అక్షరాలలో ఇన్ని వేరుగా ఉన్నవని అది చెప్పగలదు. ఎంత దూరం దాటితే రెండు జాతులు అనవలెనో అక్షరాలలో వ్రాసి లేదు. ఆ గీత గీసేవాడు మనుష్యుడు. పైగా మైటోకాండ్రియా తల్లినుండి మాత్రమే వచ్చేది. ఎప్పుడో రెండు జాతులు అరుదుగా కలిసి ఉంటే, తల్లి గుర్తు ఒకటి, తక్కిన దేహం మరొకటి కావచ్చును. ఇటీవలనే విడిపోయిన జాతులలో అక్షరాల భేదం ఇంకా ఏర్పడి ఉండకపోవచ్చును. కనుక మంచి పరిశోధకుడు డి.ఎన్.ఏ.ను ఒక సాక్షిగా పిలుస్తాడు. ఆహారం, సంతానం, సంచారం, కాలం అనే తక్కిన సాక్షులను కూడా విచారిస్తాడు. సాక్షిని న్యాయాధిపతి పీఠంపై కూర్చుండబెట్టడు. దార్శనికుల పరిభాషలో చెప్పవలెనంటే, డి.ఎన్.ఏ. కూడా ఒక విధమైన ఆకృతియే. కంటికి కనబడే ఆకృతికన్న సూక్ష్మమైనది, నమ్మదగినది, అయినా ఆకృతియే. అది జాతికి గుర్తు; జాతి కాదు.

ఇంతవరకు దోమల సంగతి. కాని తెలుగులోను, హిందీలోను, ఈ దేశపు అనేక భాషలలోను జాతి అనే మాట ప్రాణివర్గాలకు మాత్రమే పరిమితం కాదు. పుట్టుకనుబట్టి మనుష్యులను విభజించడానికి కూడా అదే మాట వాడుకలో ఉన్నది. ఒకే మాట రెండుచోట్ల పలికినప్పుడు ఒకచోటి అధికారం రెండవచోటికి తెలియకుండా ప్రాకుతుంది. దోమలలో పుట్టుకయే నడతను నిర్ణయిస్తున్నదని విన్నవాడు, మనుష్యులలోను అంతేనని అనుకొనడానికి ఎంతోసేపు పట్టదు. చరిత్రలో డి.ఎన్.ఏ. పేరైనా వినకముందే అట్లు అనుకొన్నవారు ఉన్నారు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన నేరస్థ జాతుల చట్టం కొన్ని సమాజాలను పుట్టుకచేతనే నేరస్థులుగా లెక్కించినది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వచ్చినది. ఆంధ్రదేశంలో స్టూవర్టుపురం వంటి నివాసాలు దాని ఫలితమే. పుట్టిన బిడ్డ ఏ పనీ చేయకముందే అనుమానితుడు. 1952లో ఆ చట్టం రద్దయినది. ఆ చట్టం అంటించిన పేరు మాత్రం అంత త్వరగా రద్దు కాలేదు.

దోమలను విడదీసిన ప్రమాణాన్నే ఇక్కడ ప్రయోగించి చూడవలెను. దోమలలో సరిహద్దు ఉన్నదనడానికి రుజువు ఏమి? ఏ అడ్డూ లేకపోయినా అవి కలవకపోవడం. మనుష్యులలోనో? కలవకుండా ఉండడానికి శాస్త్రాలు, శిక్షలు, ఊరి కట్టుబాట్లు, ఒక్కొక్కప్పుడు హత్యలు కూడా అవసరమైనవి. ప్రకృతి గీసిన గీతకు కావలివాడు అక్కరలేదు. కావలివాడు లేనిదే నిలువని గీత ప్రకృతిది కాదు. ఏ ఇద్దరు మనుష్యుల డి.ఎన్.ఏ.ను పోల్చి చూచినా వెయ్యి అక్షరాలలో ఇంచుమించు తొమ్మిదివందల తొంబదితొమ్మిది ఒకటే. ఉన్న కొద్దిపాటి భేదంలో అధికభాగం ఒకే సమాజంలోని వ్యక్తుల మధ్యనే కనిపిస్తుంది. దోమను చూచి ఒకటే అనుకొన్న కన్ను పొరబడినట్లే, మనిషిని చూచి వేరనుకొన్న కన్ను కూడా పొరబడినది.

కనుక తప్పులు రెండు. వేరైనవాటికి ఒకే పేరు పెట్టి ఒకే శిక్ష విధించడం ఒకటి. ఒకటే అయినదానిని ముక్కలు చేసి, ముక్కకొక విలువ కట్టడం రెండవది. మొదటిదానికి మూలం సోమరితనం. ఓపికతో గ్రుడ్లను పరిశీలించిన ఫాలెరోనీవంటివాడు దానిని దిద్దగలడు. రెండవదానికి మూలం సోమరితనం మాత్రమే కాదు, లాభం కూడా. భేదంవలన ఎవరికో అధికారం దక్కుతున్నప్పుడు సూక్ష్మదర్శిని ఒక్కటే దానిని దిద్దలేదు. అయినా రెండు తప్పులకు విరుగుడు ఒకే గుణం. భారతీయులు దానిని వివేకం అన్నారు. వివేకమంటే విడదీయడం అని శబ్దార్థం. కాని విడదీయరానిదానిని విడదీయకుండా ఉండడం కూడా అందులోని భాగమే.

దోమ కాలును గాజుగొట్టంలో వేసి దాని అక్షరాలను చదివే శాస్త్రజ్ఞుడు రోజూ రెండు ప్రశ్నలు వేసుకొంటాడు. ఈ భేదం నిజంగా ఉన్నదా, నేను కల్పించినదా? ఉన్నయెడల, దీనివలన చేయవలసిన పని ఏమి మారుతుంది? మొదటి ప్రశ్న సత్యానికి సంబంధించినది, రెండవది ధర్మానికి. ప్రయోగశాలలో ఈ రెండు ప్రశ్నలకు సమాధానం దొరకకుండా ఏ దోమకూ క్రొత్త పేరు పెట్టరు. మనుష్యులకు పేర్లు పెట్టేచోట కూడా అంతటి జాగ్రత్త పాటించవలెనని కోరడం అత్యాశ కాదు.